రాతి మీద కల

సింగపూర్‌లోని వుడ్‌ల్యాండ్స్‌లో థామ్సన్-ఈస్ట్ కోస్ట్ రైలెక్కి హావ్‌లాక్‌లో దిగితే రాబర్ట్‌సన్ కీ నడిచే దూరమే. అక్కడి ఎస్‌టీపీఐ 2002లో అమెరికన్ ముద్రణ నిపుణుడు కెన్నెత్ టైలర్ తోడ్పాటుతో మొదలైన ముద్రణశాల. అచ్చు బొమ్మల ముందు నిలబడినప్పుడు మొదట నలుపును చూడమంటాను. భయాన్నీ కలనూ కాగితం మీదికి దించే మార్గం ప్రతీకవాదులకు అందులోనే దొరికింది.

వారిలో ఒకడైన ఫ్రెంచి చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ 1879లో ‘కలలో’ అనే పేరుతో పది లితోగ్రాఫులు వెలువరించాడు. కలల మీద ఫ్రాయిడ్ పుస్తకం రావడానికి అప్పటికింకా ఇరవై ఏళ్లుంది. లితోగ్రఫీకి ఆధారం నూనె, నీరు కలవకపోవడం. సున్నపురాతి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసి, రాయిని తడుపుతారు. తడి చోటు సిరాను తోసేస్తుంది, జిడ్డు గీత పట్టుకుంటుంది. రెడాన్ రాతి మీది నలుపును గోకి వెలుగు తీసేవాడు. అందుకే అతని కళ్లు, తేలే తలలు చీకట్లోంచి పైకొస్తున్నట్టుంటాయి. మసక వెలుతురులో మెదడు అందిన కాసిని ఆనవాళ్లతోనే ముఖాన్ని అల్లుకుంటుంది. దండెం మీద చీర రాత్రిపూట మనిషిలా కనబడేది అందుకే. రెడాన్ మిగతా పని ఆ మెదడుకే వదిలేశాడు.

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ చెక్క పలకను రంపంతో ముక్కలుగా కోసి, వేర్వేరు రంగులు పూసి, తిరిగి కూర్చి అచ్చువేశాడు.

ఒక్క అచ్చుతో పలు రంగులు దించే ఈ దారిలో మన మనిషి ముద్రణ కళాకారుడు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లోని ‘అటెలియే 17’ చేరారు. దాన్ని నడిపిన హేటర్ రసాయన శాస్త్రం చదివినవాడు. ఆలోచన అడ్డుపడకముందే గీతను చేతికి వదిలేయాలన్న అధివాస్తవికుల పద్ధతిని నమ్మినవాడు. అక్కడ కైకో మోతీతో కలిసి కృష్ణారెడ్డి విస్కాసిటీ ముద్రణకు రూపమిచ్చారు. లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. గట్టి రోలరు పలుచటి సిరాను మిట్టలకే అంటిస్తుంది. మెత్తటి రోలరు చిక్కటి సిరాతో పల్లాల్లోకి దిగుతుంది. నూనె ఎక్కువున్న పలుచటి సిరా ఆ చిక్కటిదాన్ని తన మీద అంటనివ్వదు. రంగులన్నీ ఒకే పలక మీద పక్కపక్కన నిలిచి, ఒక్క అచ్చుతో కాగితం మీదికి దిగుతాయి.

ఆయన ‘గ్రేట్ క్లౌన్’ను రకరకాల రంగుల్లో అచ్చువేశారు. పలక అదే, విదూషకుడూ అతడే. నాకు ఒక ప్రతిలో వేడుక, ఇంకో ప్రతిలో దిగులు కనిపిస్తాయి. బొమ్మ మారకుండా సిరాతోనే మనసు మార్చగలగడం గొప్ప విద్య. 2018లో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. మన పిల్లల సైన్సు పుస్తకాల్లో ఈ పద్ధతికి ఒక పేజీ ఇవ్వాలి, ఆయన పేరుతో సహా.