తీగ వద్దన్న కారు, తీగ కోరిన దీవులు

కారులోని తెరకూ చేతిలోని ఫోనుకూ నడుమ ఉన్న తీగను ఒక చిన్న పెట్టె తొలగిస్తున్నది. సముద్రం మధ్య నున్న అండమాన్‌లో ఆ పెట్టె చేయగలిగినదేమిటి? చేయలేనిదేమిటి?

2020వ సంవత్సరంలో, ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు సంఘటనలు జరిగాయి. ఆ యేడు ఆగస్టు 10వ తేదీన, చెన్నై తీరం నుండి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భంలో పరచిన తీగ మార్గానికి ప్రారంభోత్సవం జరిగింది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. దీవుల ప్రజలు ఏళ్ల తరబడి ఎదురు చూచిన తీగ అది.

అదే సంవత్సరం, ‘ఏఏవైర్‌లెస్’ అనే చిన్న పరికరం తయారీకి ఇంటర్నెట్ ద్వారా ప్రజల నుండి చందాల సేకరణ ఆరంభమైంది. ఆ పరికరం ఉద్దేశం మీటరు పొడవున్న ఒక తీగను వదిలించడం. కారులోని తెరకు ఫోనును కలిపే తీగ అది.

ఒకరికి తీగ కావాలి, మరొకరికి తీగ వద్దు. ఈ రెండు కోరికలూ పరస్పర విరుద్ధాలుగా తోస్తాయి. కాని అండమాన్ రహదారిపై కారు నడిపేవారికి రెండూ ఒకే పాఠాన్ని నేర్పుతాయి. తీగ ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండనవసరం లేదో తెలిసినవాడే ఈ కొత్త సౌకర్యాన్ని సవ్యంగా వాడుకోగలడు.

పాటల పెట్టె నుండి పటాల తెర దాకా

కారులో రేడియో అమర్చాలనే ఊహ పాతదే. అమెరికాలోని షికాగో నగరానికి చెందిన గాల్విన్ సోదరులు 1930లో సామాన్యులకు అందుబాటులో ఉండే కారు రేడియోను తయారు చేసి, దానికి ‘మోటరోలా’ అని పేరు పెట్టారు. ఆ తరువాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి. చివరకు పాటలూ దారి చూపే పటమూ దూరవాణీ అన్నీ ఒకే తెరపైకి చేరాయి.

అయితే ఈ తెరలకు ఒక లోపం ఉండేది. కారు పది పదిహేనేళ్లు నడుస్తుంది. దానిలోని పటాలు రెండేళ్లకే పాతబడతాయి. ఫోను మాత్రం నిత్యనూతనంగా ఉంటుంది. అటువంటప్పుడు ఫోనులోని తెలివినే కారు తెరకు అరువిస్తే పోలేదా? 2014 మార్చిలో ఆపిల్ సంస్థ ‘కార్‌ప్లే’ను, అదే సంవత్సరం జూన్‌లో గూగుల్ సంస్థ ‘ఆండ్రాయిడ్ ఆటో’ను ప్రకటించడానికి మూలం ఈ ఆలోచనే.

వీటి పనితీరు విచిత్రమైనది. తెరపై కనిపించే బొమ్మను సిద్ధం చేసేది కారు కాదు, ఫోను. కారు తన తెరనూ స్పీకర్లనూ మైకునూ ఫోనుకు అప్పగిస్తుంది. ఫోను నుండి బొమ్మ, ధ్వని తెరకు వస్తే, మన వేలి స్పర్శ, మాట తెర నుండి ఫోనుకు పోతాయి. ఈ రాకపోకలన్నీ తొలి రోజులలో యూఎస్‌బీ తీగ ద్వారానే సాగేవి. ఈనాటికీ రోడ్ల మీద తిరుగుతున్న అసంఖ్యాకమైన కార్లలో అవి ఆ తీగ ద్వారానే సాగుతున్నాయి.

తీగతో లాభం లేకపోలేదు. అది సమాచారాన్ని మోస్తూనే ఫోనుకు విద్యుత్తును కూడా అందిస్తుంది. కాని ఎక్కిన ప్రతిసారీ తగిలించాలి, దిగిన ప్రతిసారీ ఊడదీయాలి. రేవు దగ్గర ఒకసారి, కొట్టు దగ్గర ఒకసారి ఆగుతూ పోయే టాక్సీలో ఈ పని రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కలేదు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే, ఉప్పుగాలి వీచే సీమలో తడిచేతులతో ఆ చిన్న రంధ్రంలో తీగను గుచ్చడం తీగకూ మంచిది కాదు, ఫోనుకూ మంచిది కాదు.

రెండు భాషల దుబాసి

ఇక్కడే మన చిన్న పెట్టె రంగప్రవేశం చేస్తుంది. దీనిని అడాప్టర్ అంటారు. పూర్వం దొరలకూ వర్తకులకూ నడుమ దుబాసీలు ఉండేవారు. ఇది కూడా అటువంటి దుబాసియే. దీనిని కారు యూఎస్‌బీ రంధ్రంలో తగిలించి వదిలేయాలి. అది కారుతో ‘నేను తీగతో తగిలించిన ఫోనును’ అంటుంది. ఫోనుతో ‘నేను తీగ అక్కరలేని కారును’ అంటుంది. ఇరువురూ నమ్ముతారు, పని జరిగిపోతుంది.

ఈ రాయబారం రెండు అంచెలలో నడుస్తుంది. కారు ఇంజను రాజేయగానే అడాప్టర్‌కు విద్యుత్తు అందుతుంది. మొదట అది బ్లూటూత్ ద్వారా పరిచయమున్న ఫోనును పలకరిస్తుంది. బ్లూటూత్ తరంగాలు సెకనుకు 1,600 సార్లు తమ మార్గాన్ని మార్చుకుంటూ గంతులు వేస్తాయి. ఇటువంటి గంతుల పద్ధతికి హాలీవుడ్ నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి 1942లోనే పేటెంటు పొందారన్నది ఒక విశేషం.

కాని బ్లూటూత్ మోయగల బరువు తక్కువ. పాటను మోయగలదు కాని, కదిలే పటాన్ని మోయలేదు. అందుచేత అడాప్టర్ తన వైఫై వివరాలను బ్లూటూత్ ద్వారా ఫోనుకు చెవిలో చెప్పి తప్పుకుంటుంది. అక్కడి నుండి బొమ్మలనూ ధ్వనినీ వైఫై మోస్తుంది. ఇందుకు సాధారణంగా వాడేది 5 గిగాహెర్ట్‌జ్ తరంగాలు. ఇవి గోడలు దాటి దూరం పోలేవు. కాని డ్రైవరు జేబు నుండి తెర వరకు పోవడానికి దూరమెంత? భారత ప్రభుత్వం 2018లో ఈ తరంగాల వాడకానికి లైసెన్సు అవసరాన్ని విస్తృతంగా సడలించింది.

2022 జనవరిలో ఇటువంటి అడాప్టర్ ఒకటి ‘మోటరోలా’ పేరుతోనే వెలువడింది. తొంబై రెండేళ్ల క్రితం కారుకు పాట నేర్పిన పేరే, మళ్లీ దాని తీగను తెంపడానికి వచ్చిందన్నమాట.

కొనే ముందు

ఈ దుబాసి అన్ని కార్లకూ పనికిరాదు. కారు తెరకు ముందే తీగ ద్వారా ఆండ్రాయిడ్ ఆటోగాని కార్‌ప్లేగాని నడిపే శక్తి ఉండాలి. ఆ భాష ఎరుగని తెరకు దుబాసి వచ్చి చేసేదేమీ లేదు. ముందుగా తీగ తగిలించి చూచి, తెరపై ఫోను బొమ్మ వస్తేనే అడాప్టర్ సంగతి ఆలోచించాలి.

ఫోను సంగతీ చూడాలి. ఆండ్రాయిడ్ ఫోనైతే 11వ తరానికి, అంటే 2020లో వెలువడిన తరానికి, చెందినదో ఆ తరువాతదో అయి, 5 గిగాహెర్ట్‌జ్ వైఫై కలిగి ఉండడం క్షేమం. కొన్ని అడాప్టర్లు ఆండ్రాయిడ్‌కే, కొన్ని ఐఫోనుకే, మరికొన్ని రెండింటికీ పనిచేస్తాయి. ఇంట్లో ఇద్దరి వద్ద రెండు రకాల ఫోన్లు ఉంటే ఈ తేడా గమనించి కొనాలి.

దుబాసి ఉన్న చోట కొంత జాగు తప్పదు. బండి ఎక్కిన తరువాత తెరపై పటం వెలగడానికి కొన్ని సెకనులు పడుతుంది. వేలు తాకిన తరువాత తెర స్పందించడంలోనూ స్వల్పమైన ఆలస్యం ఉండవచ్చు. అన్నింటికన్న ముఖ్యం ఛార్జింగు. తీగ పోయిందంటే ఫోనుకు విద్యుత్తూ పోయిందనే అర్థం. బ్లూటూత్, వైఫై, పటం మూడూ ఒకేసారి పనిచేస్తూ ఉంటే ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది. ఎండలో నిలిపిన కారులో అడాప్టర్‌ను అద్దం కింద ఉంచడం కూడ తగదు.

అడవి దారిలో

ఈ పరికరం గురించి జనంలో ఉన్న అపోహలలో పెద్దది ఒకటి ఉన్నది. తీగలేని పరికరం గనుక ఇంటర్నెట్‌ను కూడా అదే తెస్తుందని కొందరి నమ్మకం. ఆ భ్రమ తొలగిపోవడానికి అండమాన్ ట్రంక్ రోడ్డును మించిన చోటు లేదు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుండి ఉత్తరాన డిగ్లీపూర్ వరకు సుమారు 330 కిలోమీటర్ల పొడవున ఈ రోడ్డు సాగుతుంది. ఇప్పుడది 4వ నంబరు జాతీయ రహదారి. జిర్కాటాంగ్ దాటితే సుమారు 50 కిలోమీటర్లు జారవాల అభయారణ్యం. అక్కడ వాహనాలు ఒంటరిగా పోరాదు. నిర్ణీత వేళల్లో పోలీసు రక్షణతో బారులుగా కదలాలి. మధ్యలో ఆగరాదు. జారవాలను ఫోటో తీయడం చట్టరీత్యా నేరం. ఆదిమజాతుల రక్షణకు 1956లో చేసిన నిబంధనలను 2012లో మరింత కఠినం చేశారు.

ఆ అడవిలో చాలా దూరం సెల్‌ఫోనుకు సంకేతం అందదు. అప్పుడు కారు తెర ఏమవుతుంది? చీకటి కాదు. ఫోనుకూ కారుకూ నడుమ ఉన్న వైఫై ఆ నాలుగు తలుపుల లోపలి వ్యవహారం. దానికి బయటి టవరుతో పని లేదు. ఉపగ్రహాలు కూడ తోడుంటాయి. దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సంకేతాలు పంపుతుంటాయి. ఫోను వాటితో మాట్లాడదు, కేవలం వింటుంది. కనుక టవరు లేకున్నా కారు ఎక్కడున్నదో ఫోనుకు తెలుస్తూనే ఉంటుంది.

తెలియనిది ఆ చోటు చుట్టూ ఉన్న పటం. పటాన్ని ముందే దింపుకొని ఉంచకపోతే, బూడిదరంగు తెర మీద ఒక నీలిచుక్క మాత్రం కదులుతుంది. కాబట్టి ఊరు విడువక ముందే మూడు పనులు చేయాలి: వెళ్లవలసిన ప్రాంతపు పటాన్ని ఫోనులో దింపుకోవాలి, పాటలు కావాలంటే వాటినీ దాచుకోవాలి, అడాప్టర్‌కూ ఫోనుకూ తొలి పరిచయం అక్కడే పూర్తి చేయాలి. ఆ తొలి పరిచయానికి ఇంటర్నెట్ అవసరం పడవచ్చు.

మరొక హెచ్చరిక. 2020 అక్టోబరు నుండి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధన ప్రకారం, బండి నడుపుతూ చేతి ఫోనును దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రతకు భంగం కలుగని రీతిలో, వాడవచ్చు. తీగ పోయినంత మాత్రాన కళ్లు తెరకు అంటుకుపోయే ప్రమాదం పోదు. వానలో జారే మలుపుల మీద, ముందు బండిని అనుసరించి సాగవలసిన చోట, కళ్లకు పని అద్దం అవతలనే.

దీవులు తీగను ఎందుకు కోరాయి?

కారు లోపల తీగను వద్దనగలగడానికి కారణం, అక్కడ దూరం తక్కువ కావడమే. సముద్రం మీద పరిస్థితి వేరు.

అండమాన్‌కు తీగలేని వార్త కొత్తది కాదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలోనే, బర్మాలోని ఇరావతీ ముఖద్వారం చెంతనున్న డైమండ్ దీవికీ పోర్ట్‌బ్లెయిర్‌కూ మధ్య తీగలేని తంతి నడిచింది. తరువాతి కాలంలో ఉపగ్రహాలు వచ్చాయి. కాని భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి పోయి కిందకు రావడానికే దాదాపు పావు సెకను. జవాబుకు మరో పావు సెకను. పైగా దాని సామర్థ్యం పరిమితం, ధర అధికం.

గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుండి శ్రీ విజయపురానికి చేరడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఆ తీగ మార్గం అక్కడితో ఆగక స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు కూడ చేరింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేలకు పైగా ఉన్నారు. మొత్తం జనాభాలో ఇది సుమారు 13 శాతం. సముద్రానికి ఇవతల బంధుజనం ఉన్నవారికి ఆ వేగం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

కారు తెరపై పటం చకచకా కదలడం వెనుక కూడా ఈ సముద్రపు తీగ ఉన్నది. పటం ప్రధాన భూభాగం నుండి తీగలో వచ్చి, టవరు నుండి గాలిలో ఫోనుకు చేరి, ఫోను నుండి మళ్లీ గాలిలోనే అడాప్టర్‌కు అందుతుంది. తీగలేని సుఖం కడపటి రెండు అడుగులదే. దాని వెనుక వేలాది కిలోమీటర్ల తీగ శ్రమిస్తున్నది.

ఒక్కదానినే నమ్ముకోరాదు

అయితే తీగ కూడా సర్వశక్తి గలది కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన బృందం, భారతీ ప్రసాద్ నాయకత్వాన, పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నది. హామ్ రేడియో ప్రియులకు అండమాన్‌తో సంభాషించడం అరుదైన భాగ్యం. ఆ సరదా తీర్చడానికే వారు వెళ్లారు. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది. వెనువెంటనే సునామీ విరుచుకుపడింది. టెలిఫోన్ వ్యవస్థ దెబ్బతిన్న ఆ గంటలలో, వినోదం కోసం తెచ్చిన రేడియో ప్రాణాధారమైంది. తమవారి క్షేమం తెలియక తల్లడిల్లుతున్న కుటుంబాలకు ఆ బృందం సందేశాలు చేరవేసింది.

ఆనాటి అనుభవం బోధించేది ఒక్కటే. ఒక దారి మూసుకుపోతే మరొక దారి సిద్ధంగా ఉండాలి. ఇది ప్రభుత్వాలకు ఎంత నిజమో, కారు నడిపేవారికీ అంతే నిజం. కొన్ని వేల రూపాయలకు దొరికే ఆ చిన్న పెట్టె నిత్యప్రయాణంలో హాయినిస్తుంది, చేతికి శ్రమ తగ్గిస్తుంది. కాని అది ఎప్పుడైనా మొరాయించవచ్చు, లేదా దూరప్రయాణంలో ఫోను బ్యాటరీ అడుగంటవచ్చు.

అందుకే అడాప్టర్ కొన్నవారు పాత తీగను పారవేయరాదు. దానిని చుట్టి, డ్యాష్‌బోర్డు అరలో భద్రపరచుకోవాలి. జిర్కాటాంగ్ దాటిన తరువాత అటువంటి తీగను అమ్మే దుకాణం చాలా దూరం వరకు కనిపించదు.