వింత వాద్యం... వీడని మమకారం

తిరుపతి: జాతర రోజుల్లో ఊరి నడుమ పందిరి వేసి పాటకచేరీ పెడితే జనం కళ్లన్నీ పాడేవారి మీదే వుంటాయి. ఆ తర్వాత డ్రమ్ములు వాయించేవాడి మీద, కీబోర్డు ముందు నిలబడినవాడి మీద పడతాయి. వెనక మూల, స్పీకరు పెట్టె పక్కన నిలబడి నాలుగు లావు తీగల గిటారు మీటే మనిషిని ఎవరూ పట్టించుకోరు. కానీ అతను ఒక్క నిమిషం చెయ్యి ఆపితే పాట ఉప్పు లేని పప్పులా చప్పబడిపోతుంది. వినేవారికి ఏదో తగ్గిందని తెలుస్తుంది గాని, ఏం తగ్గిందో తెలియదు. ఆ తగ్గినదే బేస్ గిటారు.

ఇది మామూలు గిటారు కంటే ఒక స్థాయి కిందికి పలుకుతుంది. చెవి కంటే ముందు గుండెకు తగులుతుంది. పూర్వం పాశ్చాత్య మేళాల్లో ఈ పనికి మనిషెత్తు వుండే పెద్ద ఫిడేలును నిలబెట్టి వాయించేవారు. దాన్ని ఊరూరా మోసుకుపోవడం పెద్ద శ్రమ. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన భుజానికి తగిలించుకునే కరెంటు బేస్ గిటారును మార్కెట్టులోకి తెచ్చాక ఆ బాధ తీరింది.

వాద్యకారుడికి చేతిలోని వాద్యం వట్టి పనిముట్టు కాదు. రైతుకు తన కాడెద్దు ఎలాగో అతనికి అది అలాగు. పక్కవాడి ఎద్దు బలంగా కనిపించినా తన ఎద్దు నడకే తనకు తెలుసు. అందులోనూ ఆ వాద్యం నలుగురి దగ్గరా వుండే రకం కాకుండా కాస్త వింతగా వుంటే మమకారం మరీ ఎక్కువ. లోకం నవ్వినా వదలడు.

ఫిడేలు ఆకారపు గిటారు

ఇంగ్లండులోని బీటిల్స్ బృందంలో బేస్ గిటారు వాయించిన పాల్ మెకార్ట్నీ కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆయనది ఎడమచేతి వాటం. కుడిచేతి వారి కోసం చేసిన గిటారును తిప్పి పట్టుకుంటే చూపుకు తలకిందులుగా వుంటుంది. 1961లో జర్మనీలోని హాంబర్గు నగరంలో హాఫ్నర్ కంపెనీ వారి బేస్ గిటారు ఆయన కంటబడింది. అది అచ్చం ఫిడేలు ఆకారంలో వుంది. రెండు పక్కలా ఒకే వంపు కాబట్టి ఎటు తిప్పి పట్టుకున్నా ఒకేలా కనిపిస్తుంది. బరువు తక్కువ, ధర కూడా తక్కువే, సుమారు 30 పౌండ్లు. అలా చవకగా కొన్న వింత వాద్యమే బీటిల్స్ తొలి పాటల్లో మోగింది. తర్వాత ఎందరో వాద్యకారులు వెతికి మరీ ఆ రకాన్ని కొనుక్కున్నారు.

1972లో లండనులో ఒక వ్యాను నుంచి ఆ గిటారును దొంగలు ఎత్తుకుపోయారు. అప్పటికి మెకార్ట్నీ ఎంత గిటారునైనా కొనగల స్థితిలో వున్నారు. అయినా దాన్ని మరిచిపోలేదు. అభిమానులూ మరిచిపోలేదు. కొందరు పట్టుదలగా ఆరా తీయగా, ఒక ఇంటి అటక మీద పడివున్న ఆ గిటారు బయటపడింది. 51 ఏళ్ల తర్వాత అది సొంతదారు చేతికి చేరింది. ఆ సంగతిని 2024 ఫిబ్రవరిలో లోకానికి ప్రకటించారు.

పాలకొల్లు పిల్లవాడు

ఇలాంటి కథ కోసం అంత దూరం పోనక్కరలేదు. మన తెలుగు గడ్డ మీదే ఇంతకంటే పెద్ద విశేషం జరిగింది. అక్కడ వాద్యం బేస్ గిటారు కాదు, మాండొలిన్. గిటారుకు చిన్న చెల్లెలు లాంటిది. పుట్టింది ఇటలీలో. మన దేశంలో సినిమా పాటల్లో, బ్యాండు మేళాల్లో వినిపించేది. దాని మీద త్యాగరాజ కీర్తన వాయిస్తానంటే 50 ఏళ్ల కిందట నవ్వేవారే ఎక్కువ.

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ నవ్వులను పట్టించుకోలేదు. పట్టించుకునే వయసు కూడా కాదది. తండ్రి సత్యనారాయణ వాద్యకారుడు. ఇంట్లో మాండొలిన్ వుండేది. ఆరేళ్ల కొడుకు దాన్ని తీసి మీటుతుంటే తండ్రి కోప్పడలేదు. పిల్లవాడి చేతిలో ఏదో వుందని గ్రహించి చెప్పించే ఏర్పాటు చేశారు.

గురువుగా దొరికిన రుద్రరాజు సుబ్బరాజు సంగీత విద్వాంసులు చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు. చిక్కల్లా ఒక్కటే. సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. అయినా ఆయన వెనక్కు తగ్గలేదు. తాను పాడేవారు. పిల్లవాడు విని ఆ పాటనే తీగల మీద పలికించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు. గొంతులో ఎలా వుందో చేతిలో అలా వచ్చేదాకా వెతుక్కోవడమే పాఠం. ఆ లోటే చివరకు మేలయింది. మాండొలిన్ వాయించే పాత పద్ధతి ఏదీ ఆ చేతికి అంటలేదు. గాత్రమే అంటింది.

ఎనిమిది తీగలు అయిదు చేసి

కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరాన్ని నిలబెట్టి ఊపడం, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం తెస్తారు. ఫిడేలు మీద వేలు జార్చి తెస్తారు. మాండొలిన్‌కు ఈ రెండూ కష్టమే. మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. జంట తీగలను కలిపి లాగితే రెండూ ఒకే తీరుగా సాగవు. పైగా మీటిన శబ్దం రెప్పపాటులో ఆరిపోతుంది. ఆరిపోయిన స్వరాన్ని ఊపడం ఎలా?

శ్రీనివాస్ రెండు మార్పులతో దీన్ని దాటారు. మొదటిది, జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టడం. నాలుగుతో ఆపకుండా అయిదో తీగ కూడా చేర్చారు. దాంతో పరిధి పెరిగి, కింది స్థాయి స్వరాలకు కూడా చోటు దొరికింది. రెండవది, కరెంటు మాండొలిన్‌ను ఎంచుకోవడం.

కరెంటు వాద్యం అంటే యంత్రమే వాయిస్తుందని అనుకునేవారు పల్లెల్లో ఇంకా వున్నారు. అది నిజం కాదు. సైకిలు డైనమో తెలిసినవారికి ఈ కిటుకు తేలిగ్గా అర్థమవుతుంది. డైనమోలో అయస్కాంతం, రాగి తీగ చుట్ట వుంటాయి. చక్రం తిరిగితే కరెంటు పుట్టి దీపం వెలుగుతుంది. కరెంటు గిటారులో, మాండొలిన్‌లో కూడా తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ వుంటాయి. పైన ఉక్కు తీగ అదిరితే కొద్దిపాటి కరెంటు పుడుతుంది. యాంప్లిఫయరు దాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది. తీగను అదిలించేది మాత్రం మనిషి వేలే. వేలిలో సంగీతం లేకపోతే స్పీకరులోనూ వుండదు.

ఈ ఏర్పాటు వల్ల మెల్లగా మీటినా స్వరం చాలాసేపు నిలుస్తుంది. నిలిచిన స్వరాన్ని ఊపవచ్చు, జార్చవచ్చు. గమకానికి దారి దొరికింది.

గుడివాడ నుంచి బెర్లిన్ దాకా

1978లో కృష్ణా జిల్లా గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో శ్రీనివాస్ తొలి కచేరీ చేశారు. అప్పటికి వయసు తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు డిసెంబరు ఉత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కారు. ఇదేం వాద్యం, ఇందులో రాగం పలుకుతుందా అని సందేహించినవారు అక్కడా వున్నారు. కళ్లు మూసుకుని వింటే రాగం రాగంలాగే వుంది. సందేహాలు ఒక్కొక్కటిగా సద్దుమణిగాయి. వాద్యం పేరే ఇంటిపేరయింది. మాండొలిన్ శ్రీనివాస్ అంటే తెలియనివారు లేకపోయారు.

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించే నాటికి ఆయనకు పద్నాలుగేళ్లు. ఏ ఖండం నుంచి మాండొలిన్ మన దేశానికి వచ్చిందో ఆ ఖండానికే అది మన రాగాలతో తిరిగి వెళ్లింది. 1998లో పద్మశ్రీ వచ్చింది.

ఆయన వాద్యాన్ని మెచ్చినవారిలో ఇంగ్లండుకు చెందిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ ఒకరు. ఆయనదీ వింత వాద్యాల మీద మమకారమే. 1970లలో ‘శక్తి’ బృందంలో మన సంగీతం వాయించడానికి ఆయన ప్రత్యేకంగా ఒక గిటారు చేయించుకున్నారు. దాని మెట్ల మధ్య చెక్కను గుంటలుగా చెక్కించారు. వీణ మీద లాగా తీగను లాగి గమకం తేవడానికే ఆ గుంటలు. అదనంగా అనునాద తీగలు కూడా పెట్టించారు. తర్వాత 1990ల చివర్లో ‘రిమెంబర్ శక్తి’ బృందం కట్టినప్పుడు జాకిర్ హుస్సేన్ తబలాతో పాటు శ్రీనివాస్ మాండొలిన్ కూడా పక్కన వుంది. ఒకరు గిటారును వీణ వైపు వంచారు. ఇంకొకరు మాండొలిన్‌ను గాత్రం వైపు వంచారు. ఇద్దరూ ఒకే వేదిక మీద కలుసుకున్నారు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశారు. వయసు 45 ఏళ్లు మాత్రమే. తమ్ముడు రాజేష్, శిష్యులు ఆ వాద్యాన్ని కొనసాగిస్తున్నారు.

నిన్నటి పరాయి, నేటి సొంతం

శ్రీనివాస్‌కు ఎదురైన సందేహం కొత్తది కాదు. 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే వున్న తిరుత్తణిలో ముత్తుస్వామి దీక్షితులు తొలి కీర్తన పాడారని ప్రతీతి. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దాపున మణలిలో వున్న కాలంలో తెల్లవారి ఫిడేలు నేర్చుకుని దాని మీద మన సంగీతం వాయించారు. అది జరిగి రెండు వందల ఏళ్లు దాటింది. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు వంటి వారి చేతిలో ఆ ఫిడేలు గాత్రానికి పక్కవాద్యంగానే కాక సొంతంగా కచేరీ చేసే స్థాయికి ఎదిగింది. నేడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో ఫిడేలు నేర్చే పిల్లల్ని చూసి పరాయి వాద్యం అనేవారు ఎవరూ లేరు.

హార్మనీ పెట్టె సంగతీ అంతే. మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరిగితే పగలు హరికథకు, రాత్రి వీధి నాటకానికి హార్మనీ లేనిదే పద్యం లేవదు. భజన గుడిలోనూ అదే. అయినా అందులో గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన భాగవతులు రేడియో మాట వినలేదు. పెట్టె వదలలేదు.

ఈ సంగతులన్నీ ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి కారణం వుంది. నేటికీ పల్లెలో పిల్లవాడు గిటారో, కీబోర్డో పట్టుకుంటే ‘ఆ డబ్బా పక్కన పెట్టి చదువుకో నాయనా’ అనే పెద్దలు వున్నారు. చదువు ముఖ్యమే, కాదనలేము. కూలి డబ్బుతో గడిచే ఇంట్లో పిల్లవాడు పాటకచేరీల వెంట తిరిగితే తల్లిదండ్రులకు దిగులు వుండడమూ సహజమే. అయితే పాలకొల్లులో ఆ తండ్రి మాండొలిన్ లాక్కుని అటక మీద పెట్టి వుంటే? నాకు రాని వాద్యం నేను చెప్పనని ఆ గురువు తిప్పి పంపి వుంటే? అటక మీద పడివున్న వాద్యం 51 ఏళ్ల తర్వాతయినా దొరకవచ్చు. చెయ్యి సాగే వయసు మాత్రం ఒకసారి పోతే మళ్లీ దొరకదు.

ఈసారి జాతరలో పాటకచేరీ జరిగితే వెనక మూల నిలబడిన బేస్ గిటారు కుర్రవాడి వైపు కూడా ఒకసారి చూడాలి. పాట అయ్యాక అతనికీ ఒక చప్పట్టు కొట్టాలి. ఊళ్లో ఏ పిల్లవాడయినా వింత వాద్యం చేతబట్టి కూర్చుంటే, నవ్వే ముందు ఒక్క నిమిషం ఆగి వినాలి.