గాలి శాంతించాలని ఆడే ఆట – జపాన్‌లో ‘కజె నో బొన్’

పైచదువులకు జపాన్ వెళ్లే మన పిల్లలు అక్కడి పండుగ అనగానే పెద్ద నగరాల బాణసంచానే తలచుకుంటారు. వీలు చూసుకుని యాత్సువో కూడా వెళ్లి రావాలని మా సూచన. తొయామా నగరంలో 2005లో కలిసిన కొండవాలు ఊరు ఇది. ఏటా సెప్టెంబరు 1, 2, 3 తేదీలలో ఇక్కడ ‘ఒవారా కజె నో బొన్’ జరుగుతుంది. ‘కజె’ అంటే గాలి.

మన రైతులు కార్తెలు లెక్క పెట్టుకున్నట్లే, జపాన్ రైతులు ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే వసంతారంభం నుండి రోజులు లెక్కించేవారు. 210వ రోజు సుమారు సెప్టెంబరు 1న వస్తుంది. అది తుపానుల కాలం, వరి చేలు ఇంకా కోతకు రాని సమయం. ఒక్క రాత్రి గాలికి చేను పడిపోతే ఏడాది కష్టం నేలపాలే. అందుకే గాలిని శాంతింపజేస్తూ ఈ ఆటపాటలు. 1702లో ఊరి పత్రం ఒకటి తిరిగి చేతికందినప్పుడు జనం మూడు రోజులు పాడుతూ తిరిగారనీ, అదే దీనికి మొదలనీ స్థానికులు చెబుతారు.

కేకలు, హడావుడి ఉండవు. దీపాల వరుసల మధ్య యువతీయువకులు గడ్డి టోపీలను ముఖం కనబడనంత కిందికి దించుకుని మెల్లగా ఆడుతూ సాగుతారు. ఒక నృత్యంలో చేతి కదలికలన్నీ పొలం పనులవే. వెనుక షామిసెన్, కమానుతో వాయించే కొక్యూ. ఆ కొక్యూ నాదం వినడానికైనా వెళ్లవచ్చు.

గాలిని శాంతింపజేసే ఈ పండుగ వానకు మాత్రం తలవంచుతుంది. తడిస్తే వాద్యాలు పాడవుతాయి కనుక చినుకు పడితే వీధి నృత్యం ఆపేస్తారు. ఎంత దూరం నుండి వచ్చినవారైనా వెనుదిరగవలసిందే. స్కాలర్‌షిప్ డబ్బుతో ప్రయాణించే విద్యార్థి ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. ఊరు చిన్నది, వచ్చే జనం లక్షల్లో. బస దొరకడం కష్టం కనుక తొయామాకు తిరుగు రైలు వేళ ముందే చూసుకోవాలి. నృత్యకారులపై ఫ్లాష్ వేయరాదు, దారికి అడ్డు నిలబడరాదు. వారు ఆడేది మన వినోదానికి కాదు.

ఏప్రిల్‌లో చేరినవారికి ఆ రోజుల్లో చాలా విశ్వవిద్యాలయాలలో వేసవి సెలవులే. రద్దీ వద్దనుకునేవారికి ఆగస్టు 20 నుండి 30 వరకు రోజుకొక పేట చొప్పున జరిగే ముందస్తు రాత్రులు అనుకూలం.