తలనొప్పి మందు పోషించిన దినపత్రిక



మొన్న మా అమ్మమ్మగారి బీరువా సర్దుతూ ఉంటే, చీరల కింద అరల్లో పరిచిన పాత కాగితాలు బయటపడ్డాయి. పైన ‘ఆంధ్రపత్రిక’ అని ఉంది. “ఈ పేపరు ఇప్పుడెందుకు రావడం లేదమ్మా?” అని మా అమ్మాయి అడిగింది. జవాబు చెప్పడానికి నేను వంటింటి అలమరలోంచి అమృతాంజనం సీసా తీసుకొచ్చి దాని చేతిలో పెట్టాను. అది నాకేసి వింతగా చూసింది. మీరూ అలాగే చూస్తున్నారేమో! కానీ ఆ సీసా లేకపోతే ఈ పత్రిక లేదండీ.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. మద్రాసులో బి.ఏ. చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, అక్కణ్ణుంచి బొంబాయి చేరారు. మందుల వ్యాపారంలో మెలకువలు నేర్చి, 1893లో అమృతాంజనం తయారు చేయడం మొదలుపెట్టారు. కొత్త మందు ఎవరు కొంటారు చెప్పండి? అందుకని సంగీత కచేరీలకి వెళ్ళి అక్కడ కూర్చున్నవాళ్ళకి ఊరికే పంచిపెట్టేవారట. రాత్రి పొద్దుపోయేదాకా పాట వింటే తలనొప్పి రాక తప్పదుగా! అలా ఒకరి నోట ఒకరికి తెలిసి, ఆ మందు ఇంటింటికీ చేరింది.

డబ్బు చేతికొచ్చాక మరొకరైతే మేడలు కట్టేవారు. పంతులుగారు 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికని వారపత్రికగా ప్రారంభించారు. అది ఎలాంటి సంవత్సరమనుకున్నారు? తిలక్ గారికి ఆరేళ్ళ ప్రవాస శిక్ష వేసి మాండలేకి పంపింది ఆ ఏడే. మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు పత్రికలో రాసిన రాతకి జైలుకెళ్ళిందీ ఆ ఏడే. పత్రిక పెట్టడమంటే చేతులారా కష్టం కొనితెచ్చుకోవడమే.

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారికి వేరే రాష్ట్రం కావాలన్న మాట అక్కడ గట్టిగా వినిపించింది. మరుసటి ఏడు పంతులుగారు మద్రాసుకి మారి, 1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రికని దినపత్రిక చేశారు. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే కాబట్టి పత్రికా అక్కడే ఉండాలి.

ఆ ఏడే యూరప్‌లో యుద్ధం వచ్చింది. సెప్టెంబరు 22 రాత్రి జర్మనీవారి ఎమ్డెన్ ఓడ మద్రాసు మీద గుళ్ళు కురిపిస్తే, రేవులోని చమురు ట్యాంకులు భగ్గుమన్నాయి. జనం మూటాముల్లె కట్టుకుని ఊరు విడిచి పోసాగారు. ఆర్నెల్లైనా నిండని పత్రికకి ఆ కబురు తన ఊళ్ళోనే ఎదురైంది.

ఇక పత్రిక పని ఎంత చాకిరీయో మనం ఊహించలేం. తంతి వార్తలు వచ్చేది ఇంగ్లీషులో. వాటిని అప్పటికప్పుడు తెలుగు చేయాలి. తర్వాత ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి పేర్చాలి. ఇంగ్లీషుకి ఇరవయ్యారు అక్షరాలు. మనకో? గుణింతాలు, ఒత్తులు, ఒత్తుకి మళ్ళీ గుడి, కొమ్ము! మన పోపులపెట్టెలో ఏడెనిమిది గిన్నెలుంటేనే తడుముకుంటాం. కంపోజిటర్ల ముందు అలాంటి అరలు వందలు. అచ్చయిన పేపరు రైలెక్కి తెలుగు జిల్లాలకి చేరాలి.

ఇంత చేసి అమ్మే పేపరు ధర దాని ఖర్చుకి చాలదు. పాల లెక్క, కిరాణా లెక్క చూసుకునే మనకి ఈ సంగతి తేలిగ్గానే బోధపడుతుంది. ఆ లోటు పూడ్చింది అమృతాంజనం. దేశమంతటా తలనొప్పికి రాసుకున్నవారి డబ్బులు తెలుగు అక్షరాలైనాయన్నమాట. 1924లో ‘భారతి’ మాసపత్రిక, తర్వాత ‘ఆంధ్ర గ్రంథమాల’ పుస్తకాలు కూడా ఆ చేతి మీదుగా వచ్చినవే. ఉగాది సంచికలని జనం ఏడాది పొడుగునా దాచుకునేవారు. పంతులుగారిని ‘దేశోద్ధారక’ అని పిలిచారంటే ఊరికే పిలవలేదు.

1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు రాష్ట్రం కోసం ఒప్పందం చేసుకున్నది మద్రాసులో ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరు శ్రీబాగ్, అందుకే అది శ్రీబాగ్ ఒడంబడిక. మరో ఐదు నెలలకి, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు కన్నుమూశారు. రాష్ట్రాన్ని చూడలేదు.

తర్వాత మందునీ, పత్రికనీ కూడా నెత్తిన వేసుకున్నది అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు. అల్లుడనగానే మనకి అలకపాన్పే గుర్తొస్తుంది గానీ, ఈ అల్లుడుగారు 1972లో పోయేదాకా మామగారి బరువు దించలేదు. మా అమ్మమ్మకి ఇష్టమైన ముళ్ళపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ ఈ సంస్థ వారపత్రికలోనే 1956-57లో వచ్చింది. బాపు బొమ్మలతో ఆ పేజీలు చింపి, సూదీదారంతో కుట్టి పెట్టుకుందావిడ.

నాకు బాధ కలిగించేది ఒక్కటి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది, మద్రాసు మనది కాలేదు. రాష్ట్రం కావాలని దశాబ్దాలపాటు రాసిన పత్రిక రాష్ట్రానికి వెలుపల మిగిలింది. పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషికి పందిట్లో పీట లేనట్టు!

తర్వాత విజయవాడ, హైదరాబాదుల నుంచి కూడా పేపరు వేశారు. అయితే 1974లో విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలయ్యాక, తెల్లవారేసరికి గుమ్మంలో పేపరు పడటం జనానికి అలవాటైంది. కొత్త యంత్రాలు, ఊరూరికీ విలేకర్లు వచ్చారు. పోటీ మహా ఖరీదైనదైపోయింది. 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. ‘భారతి’ కూడా పోయింది. అప్పుడు నేను చిన్నపిల్లని. మా తాతగారు రెండు రోజులు వీధి అరుగు మీద కూర్చుని, పేపరబ్బాయి తేవడం మరిచాడేమోనని ఎదురు చూశారు.

అమృతాంజనం మాత్రం ఈనాటికీ దొరుకుతోంది.

బీరువా అరల్లో వేరే కాగితాలు పరిచాను. పాతవాటి అంచులు పట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. వాటిని ఒక పాత దిండు గలీబులో పెట్టి, మా అమ్మాయి చదువుకునే బల్ల సొరుగులో ఉంచాను.