చిన్న పూల డేలిల్లీ: జూబ్లీహిల్స్ రాతి నేలలో ఎలా పెంచాలి? ఏ మొక్క కొనాలి?

జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ వైపు కొన్ని ఇళ్ల తోటలు నేను సహజ పద్ధతిలో చూసుకుంటున్నాను. అక్కడ ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న మొక్క చిన్న పూల డేలిల్లీ. నాటే విధానం, పిలకలు విడదీయడం పై వీడియోలో ఉన్నాయి. ఎందుకు అలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మొక్కని గుర్తుపట్టాలి. మన నర్సరీల్లో రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ, డేలిల్లీ అన్నిటినీ "లిల్లీ" అనే అమ్ముతారు. కుండీలోంచి కొంచెం మట్టి తీసి చూడండి. ఉల్లిగడ్డ లాంటి గడ్డ ఉంటే అది డేలిల్లీ కాదు. డేలిల్లీకి లావుపాటి, కండ ఉన్న వేర్లు ఉంటాయి. ఆకులు మొదలు నుంచే విసనకర్రలాగా రెండు వైపులా విచ్చుకుంటాయి. పూల కాడ విడిగా పైకి లేస్తుంది. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది, కానీ ఒక కాడకి చాలా మొగ్గలు ఉంటాయి కాబట్టి వరుసగా పూస్తూనే ఉంటుంది.

ఇక రకం. చిన్న పూల డేలిల్లీ అనగానే అందరూ చెప్పేది స్టెల్లా డి ఓరో. అమెరికాలో వాల్టర్ జబ్లాన్‌స్కీ 1975లో నమోదు చేసిన రకం. అడుగు ఎత్తు మొక్క, మూడు అంగుళాల లోపు పసుపు పువ్వు. అసలు విషయం ఏంటంటే, ఇది చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే రకం. ఇలాంటి రకాలు చలి ఉన్నచోట బాగా వస్తాయి. హైదరాబాద్‌లో రాత్రి 10 డిగ్రీల లోపుకి దిగే రోజులు తక్కువ. అలాంటి చోట ఈ రకాలు ఏడాదికేడాది బలం తగ్గిపోవచ్చు. అందుకే మనకి ఏడాదంతా ఆకు పచ్చగా ఉండే, ఎవర్‌గ్రీన్ అనే చిన్న పూల రకాలు నయం. ఫోటో చూసి కొనకండి. డిసెంబర్, జనవరిలో ఆకు ఉంటుందా అని అడగండి.

నేల సంగతికొస్తే, ఇవన్నీ గుట్టల మీద కట్టిన కాలనీలు. పైన జానెడు ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద బండ. దానికితోడు ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు. వాన నీళ్లు కిందికి ఇంకవు, వేర్లు కుళ్లుతాయి. అందుకని ఇలా చేయండి:

1. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి సిమెంటు, కంకర ఏరేయండి. కింద బండ తగిలితే తవ్వడం ఆపి, పైన ఎత్తు మడి కట్టుకోండి.
2. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన ఎరువు, ఒక వంతు ముతక ఇసుక, రెండు గుప్పెళ్లు ఘనజీవామృతం కలపండి.
3. మధ్యలో చిన్న గుట్టలా చేసి వేర్లు చుట్టూ పరవండి. ఆకూ వేరూ కలిసే చోటు అంగుళం కంటే లోతుకి పోకూడదు. మొక్కకీ మొక్కకీ అడుగున్నర దూరం.
4. నాటడానికి అక్టోబర్, నవంబర్ మంచి కాలం. ఎండ ఆరు గంటలు కావాలి, కానీ ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ కాల్చేస్తుంది. ఇంటికి తూర్పు వైపు నాటితే సరిపోతుంది.
5. ఎండుటాకులు రెండు అంగుళాల మందం ఆచ్ఛాదన వేయండి, మొదలుకి తగలకుండా. ఈ కాలనీల్లో రోజూ ఊడ్చి పారేసే ఆకులే చాలు.
6. పదిహేను రోజులకోసారి లీటరు జీవామృతం పది లీటర్ల నీళ్లలో కలిపి పోయండి. నీళ్లు నిలిచే రోజుల్లో ఆపేయండి. పేనుబంక కనిపిస్తే నీమాస్త్రం.

మూడు, నాలుగేళ్లకి దుబ్బు గుబురుగా అయి పూలు తగ్గుతాయి. అప్పుడు తవ్వి, రెండు మూడు పిలకలు ఉండేలా విడదీసి, ఆకులు ఆరు అంగుళాలకి కత్తిరించి నాటండి. విత్తనంతో వచ్చే మొక్క తల్లి లాగా ఉండదు, పిలకతోనే రకం నిలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ ఇళ్లలో పిల్లులు పెంచేవాళ్లు చాలామంది. డేలిల్లీ ఆకు కొరికినా, పుప్పొడి నాకినా పిల్లికి కిడ్నీలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. పిల్లి ఉన్న ఇంటికి ఈ మొక్క ఇవ్వకండి. ఒకవేళ తింటే లక్షణాల కోసం ఆగకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లమని చెప్పండి. చైనాలో డేలిల్లీ మొగ్గలు వండుకుంటారు నిజమే, కానీ మన దగ్గర పేర్లు కలిసిపోయి ఉన్నాయి. ఏ లిల్లీ పడితే ఆ లిల్లీ తినే ప్రయత్నం చేయొద్దు.

పిలకలు అమ్ముకోవాలనుకునే రైతులకి నా సలహా ఒక్కటే. కొన్న మొక్కని నేరుగా అమ్మకండి. ముందు మీ పొలంలో ఒక మే నెల ఎండ, ఒక వానాకాలం దాటనివ్వండి. ఆ రెండూ తట్టుకుని పూసిన దుబ్బు పిలకల్నే ఇవ్వండి. కొన్నవాళ్లు మళ్లీ మీ దగ్గరికే వస్తారు. మీ నేల ఎలాంటిదో, ఏ రకం వేశారో కామెంట్‌లో రాయండి.