చేపల చెఱువులో పచ్చపాచి – దాని యదుపు

కృష్ణా గోదావరీ డెల్టాలలో చేపలసాగు చేయు సోదరులలో ననేకులు, నీరెంత పచ్చగా నున్న నంత మేలని తలంతురు. ఇది సగమే నిజము. లేతపచ్చని నీటిలోని సూక్ష్మమైన పాచి చేపల యాహారమునకు మూలము. పగలు ఎండ సాయమున నీటికి ప్రాణవాయువు నిచ్చునదియు నదియే. కాని హద్దు మీరిన పాచి యొక్క రాత్రిలో ఏడాది కష్టము నంతయు నపహరింపగలదు.

కారణ మిది. చీకటిలో పాచి ప్రాణవాయువును పుట్టింపజాలదు; పైగా చేపలవలెనే తానును దానిని పీల్చును. కావున తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి క్షీణించును. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములున్నచో బొచ్చె, శీలావతి చేపలు చక్కగా పెరుగును. 2 కంటె తగ్గినచో ప్రాణాపాయము. మబ్బుపట్టి గాలి స్తంభించిన దినములలో నీ భయము హెచ్చు. వేకువను చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుచున్నచో ఆలస్యము చేయరాదు.

ముందుగా కనిపెట్టు నుపాయము సులభము. జానెడు వెడల్పు గల రేకుపళ్లెమునకు తెలుపు, నలుపు రంగులు వేసి, మిట్టమధ్యాహ్నము త్రాటితో నీటిలోనికి దింపుడు. 30 మొదలు 40 సెంటీమీటర్ల లోతున కనుమఱుగైనచో పాచి తగినంత యున్నది. 20 లోపలనే యైనచో మితిమీరినది. బురదనీటి కీ పరీక్ష చెల్లదు.

పాచిని పెంచునది మనము వేసిన యెరువును, చేపలు తినక విడిచిన మేతయును. కావున మొదట ఎరువు నిలిపి, మేత తగ్గింపవలయును. పాతనీటిని కొంత తీసివేసి క్రొత్తనీరు పెట్టవలయును. రాత్రి మొదలు సూర్యోదయమువఱకు గాలిచక్రములనైనను, నీటిని చిమ్ము నింజనునైనను నడుపవలయును. గాలివాటున మూలకు చేరిన తెట్టును గుడ్డతో తీసి దూరముగా పాఱవేయవలయును. పాచిని వడకట్టి తిను వెండిచేపలను కొన్నిటిని ముందే విడుచుటయు మంచిది.

మైలుతుత్తము చల్లి పాచి నంతయు నొక్కమారే చంపరాదు. చచ్చిన పాచి క్రుళ్లుచు మిగిలిన ప్రాణవాయువును గూడ హరించును. మోతాదు మించిన తుత్తము చేపలకును విషమే.

ఒక్కరు కొనలేని యింజనును నలుగురు సభ్యులు కలిసి కొనవచ్చును. పళ్లెమునకో, వ్యయము స్వల్పము. వారమునకు రెండుమార్లు దానిని దింపి చూచు రైతు వేకువను చెఱువుగట్టున విచారింప నక్కఱలేదు.