కుంచె పట్టిన చేతికి కడలి దాటే దారి

పరీక్షా ఫలితాలు వెలువడే రోజుల్లో బడిపంతుళ్ళమైన మమ్మల్ని తల్లిదండ్రులు తరచుగా అడిగే మాట ఒకటుంది. "మౌల్వీ సాబ్, మా వాడికి బొమ్మలు గీయటం తప్ప మరేదీ పట్టదు. వాడినేం చేయమంటారు?" ఈ మాట అనేటప్పుడు వారి గొంతులో గర్వం కన్నా దిగులే ఎక్కువగా ధ్వనిస్తుంది. నోటు పుస్తకం వెనక పేజీల్లో అట్లాంటి పిల్లవాడు గీసిన గీతలు మెచ్చుకుంటూనే వాణ్ణి తీసుకుపోయి బి.కాం.లో చేర్పిస్తారు. ఆడపిల్ల అయితే మెహందీ డిజైన్లు, చీరల మీద అల్లికలు పెళ్ళి అయ్యేదాకా కాలక్షేపంగానే మిగిలిపోతాయి.

రోలుగుంట, చోడవరం వంటి చోట్ల విదేశం అనగానే మన కుటుంబాలకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి గల్ఫ్ వీసా, రెండవది ఇంజనీరింగు చదివినవారి అమెరికా. అయితే మూడవ దారి కూడా ఉంది. చిత్రకళ, అద్దకం, నేత, వస్తువుల డిజైను, డాక్యుమెంటరీ సినిమా, ఖత్తాతీ వంటి సృజనాత్మక రంగాల్లో చదివేవారిని పరదేశాల విద్యాసంస్థలు ఆహ్వానిస్తున్నాయి. వారిలో కొందరికి ఖర్చులు కూడా భరిస్తున్నాయి. ఈ దారి గురించి మన పల్లెల్లో చెప్పేవారు తక్కువ కనుక ఈ వ్యాసం రాస్తున్నాము.

వెళ్ళినవారు ఎలా వెళ్ళారు?

ఇది పెద్ద నగరాల సంపన్నులకే చెల్లుతుందని కొందరు భావిస్తారు. చరిత్ర మరోలా చెబుతోంది. చిత్తూరు జిల్లా నందనూరు అనే పల్లెలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద కళ నేర్చారు. అక్కడి నుంచి లండన్ స్లేడ్ కళాశాలకు వెళ్ళి శిల్పి హెన్రీ మూర్ వద్ద, తరువాత పారిస్‌లో జాద్కిన్ వద్ద శిష్యరికం చేశారు. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన 'అటెలియే 17' అనే ముద్రణా కార్యశాలలో చేరారు.

అంతవరకు రంగుల చిత్రం ముద్రించాలంటే సాధారణంగా రంగుకొక రేకు కావలసి వచ్చేది. సిరాలో నూనె పాలు ఎక్కువ తక్కువలు చేస్తే ఒక రంగు మరొక రంగును తనలో కలవనీయదు. లోతులు వేరువేరుగా చెక్కిన ఒకే రేకు మీద మెత్తని, గట్టి రోలర్లతో ఈ సిరాలు పూస్తే ఒక్క అచ్చుతోనే అనేక రంగులు వస్తాయి. ఆ కార్యశాలలో ఈ పద్ధతిని రూపొందించినవారిలో కృష్ణారెడ్డి, బొంబాయికి చెందిన కైకో మోతీ ముఖ్యులు. ఒక తెలుగువాడు, ఒక బొంబాయివాసి, ఒక ఆంగ్లేయుడు పారిస్‌లో కలిసి పనిచేస్తే ప్రపంచానికంతటికీ పనికొచ్చే విద్య పుట్టిందన్నమాట. అంతర్జాతీయ సహకారమంటే ఇదే. కృష్ణారెడ్డికి 1972లో పద్మశ్రీ లభించింది. తరువాత ఆయన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బోధించారు. 2018లో కన్నుమూశారు.

సయ్యద్ హైదర్ రజా జీవితం కూడా గమనించదగినది. మధ్యప్రదేశ్ మండ్లా జిల్లా అడవుల్లోని ఒక గ్రామంలో 1922లో జన్మించారు. తండ్రి అటవీ శాఖలో చిన్న ఉద్యోగి. నాగపూర్‌లో, బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, 1950లో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్ చేరారు. 1956లో అక్కడి విమర్శకుల బహుమతి పొందారు. మన పిల్లలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. పారిస్ వెళ్ళటానికి ముందే ఆయన బొంబాయిలో ఫ్రెంచి భాష నేర్చుకోవటం మొదలుపెట్టారు. ముందు భాష, తరువాత ప్రయాణం. 2016లో మరణించిన ఆయనను కోరిక ప్రకారం మండ్లాలో తండ్రి సమాధి పక్కనే ఖననం చేశారు.

మన ముంగిట్లోని విద్య

"మా పల్లెలో ఏముందని విదేశాలకు చూపించటం?" అని ఎవరైనా అడిగితే వారికి ఏటికొప్పాక చూపించాలి. మన అనకాపల్లి జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను లేతు యంత్రంపై తిప్పుతూ, లక్కలో కలిపిన రంగులు అద్ది బొమ్మలు చేస్తారు. గింజలు, బెరళ్ళు, వేర్ల నుంచి తీసిన సహజ రంగులను అక్కడ మళ్ళీ వాడుకలోకి తెచ్చినవారిలో సి.వి. రాజు ముఖ్యులు. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కనుక, సీసం వంటి విషాలు లేని రంగులు విదేశీ మార్కెట్‌కు ఎంతో అవసరం. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుకు పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

కచ్‌లోని అజ్రక్ అద్దకం పనివారు ఇస్మాయిల్ మహమ్మద్ ఖత్రీ ఉదంతం ఇంకా పాఠం చెబుతుంది. తాతముత్తాతల నాటి సహజ రంగుల విద్య కాపాడినందుకు ఇంగ్లండులోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం 2003లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మచిలీపట్నం కలంకారీ సంగతి సరే సరి. ఆ పేరే ఫార్సీది. గోల్కొండ నవాబుల కాలంలో ఆ రేవు నుంచి ఇరాన్‌కు, ఐరోపాకు వెళ్ళిన బట్టల మీద పూలూ తీగలూ అక్కడివారి అభిరుచికి తగినట్లు అద్దేవారు. పరదేశంతో కలిసి పనిచేయటం మనకు కొత్త కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

కలం విద్య

జీవుల బొమ్మలు వేయటం గురించి ఉలమాలలో అభిప్రాయ భేదాలున్నాయి. ఆ చర్చలోకి ఇక్కడ వెళ్ళబోము. అభ్యంతరానికి తావులేని రంగాలు ఎన్నో ఉన్నాయని మాత్రం గుర్తుచేస్తున్నాము. అద్దకం, కొయ్యపని, పింగాణీ, జాలీ అల్లికల రేఖాగణితం, అన్నిటికీ మించి ఖత్తాతీ.

కంప్యూటర్‌లో ఉర్దూ రాసే 'ఇన్‌పేజ్' 1994లో వచ్చాక పత్రికల కాతిబులు ఉపాధి కోల్పోయారు. అయితే ఖత్తాతీ అంతరించలేదు. ఇస్తాంబుల్‌లోని ఇర్సికా సంస్థ 1986 నుంచి అంతర్జాతీయ ఖత్తాతీ పోటీలు నిర్వహిస్తోంది. అమెరికాలో పుట్టిన మహమ్మద్ జకరియా ఆ సంస్థ ద్వారా తుర్కీ ఉస్తాద్ హసన్ చెలెబీ శిష్యుడై, పాఠాలు ఉత్తరాల ద్వారా పంపించి దిద్దించుకుంటూ 1988లో ఇజాజత్ పొందారు. 2001లో అమెరికా తపాలా శాఖ విడుదల చేసిన ఈద్ స్టాంపు ఆయన చేతిరాతే. కడలి దాటకుండానే ఉస్తాద్‌ను సంపాదించుకోవచ్చునన్నమాట. లండన్‌లో కింగ్స్ ఫౌండేషన్ వారి సంప్రదాయ కళల పాఠశాల ఇస్లామీ రేఖాగణితం, సూక్ష్మచిత్రం వంటివి ఎం.ఎ. స్థాయిలో బోధిస్తోంది.

ఖర్చు మాట, వడ్డీ మాట

అసలు అడ్డంకి ఇక్కడే ఉంది. విదేశీ విద్య అంటే బ్యాంకు అప్పు, అప్పు అంటే వడ్డీ. వడ్డీకి జంకి ఆగిపోయిన కుటుంబాలు మాకు తెలుసు. పొలం తాకట్టు పెట్టి చిక్కుల్లో పడినవీ తెలుసు. మైనారిటీ విద్యార్థుల అప్పులపై వడ్డీ భరించిన కేంద్ర పథకం 'పఢో పర్‌దేశ్' 2022-23 నుంచి నిలిచిపోయింది. కనుక అప్పు అవసరం లేని దారులే ముందు వెతకాలి.

ఐరోపా సమాఖ్య వారి ఎరాస్మస్ ముండుస్ పథకంలో ఎంపికైన విద్యార్థి కనీసం రెండు దేశాల్లో చదివి ఎం.ఎ. స్థాయి పట్టా పొందుతాడు. ఫీజు ఉండదు. నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. డాక్యుమెంటరీ సినిమా వంటి కోర్సులు ఇందులో నడిచాయి. జాబితా ఏటా మారుతుంది.

జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి ఐరోపా బయటివారి వద్ద వసూలు చేస్తోంది. ఫీజు లేదని సంబరపడితే చాలదు. ఏడాది జీవన వ్యయానికి ఖాతాలో 11,904 యూరోలు చూపాలని 2024లో నిర్ణయించారు. 'డాడ్' అనే జర్మన్ సంస్థ స్కాలర్‌షిప్ దొరికితే ఆ బెడద తప్పుతుంది. లలిత కళలు, డిజైను, సినిమాకు ఆ సంస్థ ప్రత్యేక స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది.

జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో ఫీజు, విమానం ఛార్జీ, నెలసరి భత్యం అన్నీ కలిసి ఉంటాయి. ఇంటర్ చదివినవారికి ఫ్యాషన్ వంటి వృత్తి విద్యల తరగతి కూడా ఉంది. మొదటి ఏడాది జపనీస్ భాషకే పోతుంది. అమెరికా వారి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఎం.ఎ. ఫెలోషిప్ కళల నిర్వహణ, వారసత్వ పరిరక్షణ, మ్యూజియం విద్యలకు వర్తిస్తుంది. దానికి కనీసం మూడేళ్ళ ఉద్యోగానుభవం కావాలి. 1976 నుంచి నడుస్తున్న ఇన్‌లాక్స్ శివదాసాని సంస్థ సహాయానికి ముందుగా విదేశీ విద్యాసంస్థలో ప్రవేశం దొరికి ఉండాలి.

కేంద్రం వారి జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌ల 125 స్థానాల్లో 4 భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి కుటుంబాలకు కేటాయించారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించరాదు. అయితే భారతీయ సంస్కృతి, వారసత్వాలకు సంబంధించిన పరిశోధనాంశాలను 2022లో దాని నుంచి తొలగించారు. రాష్ట్ర పథకాల పేర్లు, నిబంధనలు ప్రభుత్వంతోపాటు మారుతుంటాయి. జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అడిగి, కళావిద్యకు వర్తిస్తుందో లేదో కాగితం మీద చూసుకున్న తరువాతే నమ్మాలి.

సన్నాహం ఇంటి వద్దే

పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగం డిగ్రీ తరువాతవి. అందుచేత మొదటి మెట్టు ఇక్కడే ఎక్కాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ లలిత కళల విభాగం ఉంది. మన రాష్ట్రంలోనే 2015లో ప్రారంభమైన జాతీయ డిజైన్ సంస్థ ఉంది. హైదరాబాద్‌లో 2008లో ఏర్పడిన నెహ్రూ వాస్తు, లలిత కళల విశ్వవిద్యాలయం, 1995లో మొదలైన నిఫ్ట్ ఉన్నాయి. ఈ జాతీయ సంస్థల విద్యార్థులు కొందరు మార్పిడి పద్ధతిలో ఒక సెమిస్టరు విదేశంలో చదివి వస్తుంటారు.

విదేశీ కళాశాలలు మార్కులతోపాటు పోర్ట్‌ఫోలియో అడుగుతాయి. అంటే పిల్లవాడు చేసిన పనుల్లో ఏరికూర్చిన కట్ట. సినిమా బొమ్మలు చూసి దించినవి అందులో పనికిరావు. ఏటికొప్పాకలో నెల రోజులు కూర్చుని, ఏ గింజ నుంచి ఏ రంగు వస్తుందో రాసి, గీసి, ఫోటోలు తీసి, తాను సొంతంగా ఒక బొమ్మ రూపొందించిన విద్యార్థి కట్టను ఎవరూ పక్కన పెట్టలేరు. ప్రతి పని మీద తేదీ వేసుకోవాలి. పూర్తయినదే కాదు, చెడిపోయిన ప్రయత్నాలు కూడా దాచుకోవాలి. ఆలోచన ఎలా సాగిందో వాటిలోనే తెలుస్తుంది. ఇంగ్లీషు పరీక్ష స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది కనుక దరఖాస్తుకు తగిన సమయంలో రాయాలి. పాస్‌పోర్టులో, సర్టిఫికెట్లలో పేరు ఒకే విధంగా ఉండేటట్లు చూసుకోవాలి. షేక్, సయ్యద్, బేగం ఒకచోట ఉండి మరొకచోట లేక ఇబ్బందిపడిన పిల్లలు మన సముదాయంలో ఎందరో!

మరొక హెచ్చరిక. "సీటు ఖాయం, స్కాలర్‌షిప్ ఖాయం" అంటూ ముందుగా లక్షలు అడిగే ఏజెంట్లకు దూరంగా ఉండండి. మాకు తెలిసిన ఒక తండ్రి అలా ఇచ్చిన సొమ్ము తిరిగి రాలేదు. స్కాలర్‌షిప్‌ను ఎవరూ అమ్మలేరు.

అమ్మాయిల విషయంలో పెద్దల సంకోచం మేము అర్థం చేసుకోగలము. వారు అడిగే ప్రశ్నలు సబబైనవే. హాస్టల్ ఎక్కడ, నమాజు వసతి ఉందా, హలాల్ ఆహారం దొరుకుతుందా అన్నవి దరఖాస్తుకు ముందే విశ్వవిద్యాలయానికి రాసి జవాబు తెప్పించుకోవచ్చు. జవాబు చూసి నిర్ణయించుకోండి. అడగకుండానే 'వద్దు' అనటం మాత్రం ఆ బిడ్డకు అన్యాయం.

సోదర సోదరీమణులారా! అల్లాహ్ ప్రతి బిడ్డకూ ఒకే విధమైన ప్రజ్ఞ ఇవ్వలేదు. లెక్కల్లో రాణించే పిల్లవాడికి ట్యూషన్ పెట్టించే మనం, గీతలో రాణించే పిల్లవాడికి మంచి కాగితం, నాలుగు కలాలు, ఒక ఉస్తాద్‌ను సమకూర్చలేమా? జుమా నమాజు తరువాత పదిమంది కూర్చుని, ఈ ఏడాది ఏ దరఖాస్తుకు ఏది గడువో ఒక కాగితం మీద రాసి మస్జిద్ నోటీసు బోర్డుకు అంటించండి. రోలుగుంట వంటి ఊళ్ళలో ఆ కాగితం చదివే పిల్లలు ఇద్దరున్నా చాలు, అది వృథా పోదు.